అందించకూడని మాట

నిన్న సాయంత్రం పుస్తకం తిరిగి ఇవ్వడానికి మా వీధి చివరి లైబ్రరీకి వెళ్లాను. తలుపు పక్కనున్న హీటర్ మీద ఎవరో చిన్నపిల్లల ఊలు గ్లవ్స్ ఆరబెట్టారు. మంచు కరిగి, ఊలు నీరు పట్టి, వేడికి సన్నగా ఆవిరి లేస్తోంది. వానలో తడిసిన గొర్రె దగ్గర నిలబడినట్టుండే ఆ వాసన తగలగానే నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. నాకు ఆ వాసన అంటే బడి. అందరికీ చిన్నప్పుడు దొరికే బడి నాకు యాభై దాటాక, ఈ మంచుదేశంలో, ఎడ్మంటన్‌లో, నది ఒడ్డునున్న ఒక పాత కోట ఆవరణలో దొరికింది. దాన్ని నాకు ఇచ్చిన మనిషి ఎస్తేరు గారు. ఆవిడను మీరెవరూ చూసి ఉండరు. చూసి ఉంటే ముందు భయపడేవారు.

ఆ ఆవరణలో పాతకాలపు కట్టడాలన్నీ జనం వచ్చి చూసేందుకు అలాగే నిలబెట్టి ఉంచారు. దుంగలతో కట్టిన కొట్టు, కమ్మరి కొలిమి, చిన్న చర్చి, వాటి చివర ఒకే గది ఉన్న బడి. ఊళ్లోని స్కూళ్ల నుంచి పసుపుపచ్చ బస్సుల్లో పిల్లలు వచ్చేవారు. బడి గదిలోకి వచ్చిన పిల్లలు ఆ పూటంతా వెనకటి కాలపు పిల్లలైపోవాలి. చేతిగంట మోగగానే మెట్ల దగ్గర వరసలో నిలబడాలి, గోళ్లు చూపించాలి, పలక మీద రాయాలి, టీచరు పిలిస్తే ముందుకొచ్చి గట్టిగా చదవాలి. ఆ టీచరు ఎస్తేరు గారే. నల్లని పొడుగు లంగా, మెడదాకా గుండీలున్న చొక్కా, జుట్టు బిగించి వెనక్కి ముడి, ముక్కు మీద కళ్లజోడు. బాపట్ల వైపు మిషన్ బడిలో పాఠాలు చెప్పి, భర్తతో ఈ దేశం వచ్చి, ఇక్కడా బడుల్లోనే పనిచేసి, రిటైరయ్యాక ఈ ఉద్యోగంలో చేరారు. గది గడపలో అడుగుపెట్టాక ఆవిడ నవ్వగా నేను చూడలేదు. తెల్లపిల్లలు, మన పిల్లలు, అందరూ ఆవిడ కంటిచూపుకే సర్దుకుని కూర్చునేవారు.

నేను అక్కడ పొయ్యి దగ్గర మనిషిని. చీరాల దగ్గర పల్లెలో పొగాకు ఆకు గ్రేడింగ్ చేస్తూ పెరిగినదాన్ని, బడి మొహం చూడలేదు. కూతురు స్పాన్సర్ చేస్తే పీఆర్ మీద, అంటే ఇక్కడే ఉండిపోయే అనుమతి మీద వచ్చి మనవణ్ణి పెంచాను. వాడు స్కూలుకు పోవడం మొదలయ్యాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్నాను. మన పిల్లలు ఇక్కడి కాలేజీలకు తండోపతండాలుగా వస్తున్న ఏళ్లవి. ఏ బస్సెక్కినా వీపున బ్యాగుతో తెలుగులో ఫోన్ మాట్లాడే పిల్లలే. మా కూతురింటి బేస్‌మెంట్‌లోనూ ముగ్గురు ఆడపిల్లలు అద్దెకుండేవారు. వాళ్లలో నిజామాబాద్ పిల్ల మౌనిక ఆ కోటలో పార్ట్‌టైమ్ చేసేది. "ఆంటీ, గాడ కట్టెల పొయ్యి రాజేసేటోళ్లు దొరుకుతలేరట. ఈ దేశపోళ్లకు అగ్గిపుల్ల గీకుడే రాదు. నువ్వు రా," అని నన్ను తీసుకుపోయింది. అక్కడ కంటికి కనిపించేదంతా పాతకాలానిదే అయ్యుండాలి కనుక నాకూ ఒక పొడుగు గౌను, తలకు గుడ్డ ఇచ్చారు. పిల్లలు రాకముందే పొయ్యి రాజేసి, వాళ్ల తడి గ్లవ్స్ దాని పక్కన తీగ మీద ఆరేసి, వాళ్లు వెళ్లాక గది ఊడ్చేదాన్ని. నోరు విప్పే పని లేదు.

ఊడ్చేటప్పుడు నల్లబల్ల కూడా తుడిచేదాన్ని. ఒకరోజు పొద్దున్నే ఎస్తేరు గారు ఖాళీ బల్ల ముందు నిలబడి ఉన్నారు. మర్నాటి పాఠం ముందురోజే రాసి, చెరపవద్దని మూలన ఇంగ్లీషులో రాసి పెట్టారట. నేనంతా శుభ్రంగా తుడిచేశాను. ఆవిడ ఆ సాయంత్రం మళ్లీ రాశారు. మర్నాడు మళ్లీ బల్ల ఖాళీ.

"రత్నం, నిన్న తెలుగులో కూడా రాశాను కదా," అన్నారు.

"కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానండీ."

అది నా పాత మాట. బ్యాంకులో, విమానాశ్రయంలో, ఆసుపత్రిలో, అంతటా అదే చెప్పేదాన్ని. వెంటనే పక్కవాళ్లెవరో చదివి పెట్టేవారు.

"నీకు కళ్లజోడు లేదు. నిన్న కిటికీ దగ్గర నిలబడి నా గుండీకి సూదిలో దారం ఎక్కించావు." ఆవిడ గొంతు పెంచలేదు. నేను చీపురు పట్టుకుని నేల చూస్తున్నాను. పని పోయిందనే అనుకున్నాను. "సాయంత్రం బస్సులు వెళ్లిపోయాక చీపురు పక్కన పెట్టి, ముందు బెంచీలో కూర్చో. మీ అమ్మాయికి లేటవుతుందని ఫోన్ చేసుకో," అని గంట తీసుకుని బయటికి వెళ్లిపోయారు.

అలా మొదలైంది. పిల్లల పలకే నా పలక. ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు. చేతులు కట్టుకుని నిలబడి నేర్పేవారు తప్ప పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని దిద్దించడం ఆవిడకు లేదు. నేను చదువుతూ ఏదైనా మాట దగ్గర ఆగితే ఆవిడ కూడా ఆగిపోయేవారు. పొయ్యిలో కట్టె చిటపటలు, అంతే. ఒకరోజు నేను అలా ఆగి చెమటలు పడుతుంటే, నన్ను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన మౌనిక గుమ్మంలోంచి ఆ మాట మెల్లగా అందించేసింది. మన బడుల్లో అది తప్పు కాదు కదా. పక్కవాడు ఆగితే వెనకనుంచి అందించనివాడే చెడ్డవాడు.

ఎస్తేరు గారు అరచేత్తో బల్ల మీద కొట్టారు. మేమిద్దరం ఉలిక్కిపడ్డాం.

"బయటికి పో."

"ఏంది టీచర్, గంత సేపు ఆంటీని నిలబెడితే ఎట్ల? పాపం కాదా?"

"పాపమే. అయినా నోరు మూసుకోవాలి. నువ్వు అందిస్తే ఆ మాట నీది. అది రత్నానికి ఎప్పటికీ రాదు. దీని వయసంతా పక్కవాళ్లు అందిస్తూనే వచ్చారు. చూడు, ఏమైందో."

మౌనిక ఊరుకునే పిల్ల కాదు. "నా అసైన్‌మెంట్లకు గూడ ఇట్లనే ఎవ్వరు అందియ్యకుంటే నేను రేపే ప్లేన్ ఎక్కి నిజామాబాద్‌ల దిగుడే," అంది. ఎస్తేరు గారు మొహం పక్కకు తిప్పుకున్నారు. గడపకు లోపలున్నారు కనుక నవ్వకూడదు మరి.

పిల్లల దగ్గరా అదే నియమం. ఒక పిల్ల ముందుకొచ్చి చదువుతూ ఆగితే గదిలో ఎవరూ పెదవి కదపకూడదు. "నో ప్రాంప్టింగ్," అంటే అందించొద్దని, అనేవారు ఒక్కసారి, మెల్లగా. వెంట వచ్చిన టీచర్లు కూడా బిగుసుకుపోయేవారు. కొందరు పిల్లలకు కళ్లల్లో నీళ్లు తిరిగేవి. మాట బయటికొచ్చాక ఆ పిల్ల తన బెంచీకి నడిచే నడక చూడాలి.

పొయ్యి పక్క గోడకు ఒక పెద్ద చార్టు వేలాడేది. ఆ బడిలో చెప్పే కథ దాని మీద ఉండేది. మంచుతుఫాను రోజు ఇంట్లో నిప్పు ఆరిపోతే, ఒక పిల్ల ఇనపకుండ పట్టుకుని నది గట్టు వెంట పక్కింటికి నిప్పు తెచ్చుకోవడానికి వెళ్తుంది. మా పల్లెలోనూ పిడక మీద నిప్పు పెట్టుకుని పక్కింటినుంచి తెచ్చుకునేవాళ్లం. అందుకేనేమో ఆ ఇంగ్లీషు కథ నాకు పరాయిదనిపించలేదు. ఎస్తేరు గారు ముందు దాన్ని చూడకుండా చెప్పేవారు, తర్వాత పిల్లలు చార్టు చూసి చదివేవారు. ఆ చలికాలం వచ్చేసరికి నేను దాన్ని వేలు పెట్టి, తడుముకుంటూ, మొదటినుంచి చివరిదాకా చదవగలుగుతున్నాను. గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు మాత్రమే.

ఆ చలికాలంలోనే పై అధికారి మారింది. కొత్తగా వచ్చిన డయాన్‌కు బడి కార్యక్రమం అంతా ట్యాబ్లెట్ల మీద చూపించాలని ఆలోచన. ఇంత వయసు మనిషి ఎన్నాళ్లు నిలబడి చెప్పగలదు అని కూడా అడిగిందట. ఒకరోజు వచ్చి కూర్చుని చూస్తాననీ, వసంతకాలంలో ఈ బడి ఇలాగే నడపాలా వద్దా అన్నది ఆ తర్వాతే తేలుస్తాననీ చెప్పింది. ఎస్తేరు గారు నాతో ఆ సంగతి ఒక్క ముక్కలో చెప్పారు. "భర్త పోయాడు, పిల్లలు ఎవరి ఊళ్లో వాళ్లున్నారు. పొద్దున్నే లేచి ఈ గుండీలు పెట్టుకోవడానికి ఇదొక్కటే కారణం, రత్నం." నేను పొయ్యిలో కట్టె సర్దాను.

నాకప్పటికే మరో భయం ఉంది. ఆవిడ ఒకరోజు పిల్లలంతా లోపల కూర్చున్నాక మళ్లీ బయటికెళ్లి గంట కొట్టారు. మరోరోజు మౌనికను గ్రేస్ అని ఎవరి పేరుతోనో పిలిచి, అలాగే పిలుస్తూనే ఉన్నారు. "నా పేరు మార్చినరా టీచర్? మంచిగనే ఉంది తియ్యి," అని ఆ పిల్ల నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు.

డయాన్ వచ్చిన రోజు చలి ఎముకలు కొరికేస్తోంది. తీగ నిండా తడి గ్లవ్స్. చివరి బెంచీలో డయాన్ మందపాటి కోటుతో కూర్చుంది. గుమ్మం దగ్గర మౌనిక, పొయ్యి పక్కన నేను. ఎస్తేరు గారు గోళ్లు చూశారు, పలకలు పంచారు, చేతులు వెనక్కి కట్టుకుని కథ మొదలుపెట్టారు. గొంతు బాగానే ఉంది. నిప్పు ఆరిపోయింది. పిల్ల ఇనపకుండ తీసుకుంది. తలుపు తెరిచింది. గాలి—

ఆగిపోయారు.

మొదట ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఆవిడ అక్కడ రోజూ ఒక్క క్షణం ఆగుతారు, పిల్లలు ఊపిరి బిగబట్టడానికి. ఆ క్షణం దాటింది. గ్లవ్స్ నుంచి నీటిచుక్క పొయ్యి మీద పడి సుయ్‌మంది. ముందు బెంచీలో పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. డయాన్ తల ఎత్తింది. ఎస్తేరు గారు మెల్లగా తిరిగి చార్టు వైపు చూశారు.

చూసుకుని చదివేస్తారులే అనుకుని నేను ఊపిరి వదలబోయాను. వదల్లేకపోయాను. ఆవిడ కళ్లు చార్టు మీద ఒక చోట ఆగలేదు. గోడ మీద తడి మరక చూసినట్టు చూశాయి. ఆ చూపు నాకు తెలుసు. బస్సు స్టాపులో బోర్డు ముందు, బ్యాంకులో అద్దం వెనక అమ్మాయి కాగితం నా వైపు తోసినప్పుడు, నా జీవితమంతా నేను చూసిన చూపు అది. ఆవిడ మర్చిపోయింది కథ కాదు. ఆవిడకు అక్షరాలు కనిపించడం లేదు.

మౌనిక నోరు తెరిచింది. నేను రెండంగల్లో వెళ్లి దాని మణికట్టు పట్టుకున్నాను. ఒక మాట అందిస్తే తర్వాతి మాటా అందించాలి. డయాన్ చూడ్డానికి వచ్చింది కూడా ఆవిడకు అలా అందించాల్సి వస్తోందా అనే. కానీ ఊరుకుంటే? అంతలో ఒక పిల్ల, "మిస్, ఆర్ యూ ఓకే?" అంది సన్నగా.

నేను ఎలా నడిచానో తెలియదు. చార్టు ముందు నిలబడి ఉన్నాను. ఆ గదిలో పిల్లలెవరూ నా గొంతు ఎప్పుడూ వినలేదు. "టీచర్, మే ఐ రీడ్?" అన్నాను. ఎస్తేరు గారు నన్ను ఎవరో అన్నట్టు చూశారు. తల ఊపారో లేదో గుర్తులేదు. అక్షరాల కింద వేలు పెట్టి మొదలుపెట్టాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇంత పెద్దావిడ వేలు పెట్టి చదువుతుంటే పిల్లలకు నవ్వు రాదా? చార్టు మీద రెండో పంక్తిలో ఒక పొడుగాటి మాట దగ్గర నేనూ ఆగిపోయాను. ఎన్నిసార్లు చదివిన మాటో. అక్షరాలన్నీ ఉన్నాయి, కలవడం లేదు. ముందు బెంచీలో పిల్లవాడు జాలిపడి ఆ మాట గొణిగాడు, పూర్తిగా వినపడనే లేదు.

వెనక బల్ల మీద అరచెయ్యి పడింది.

"నో ప్రాంప్టింగ్."

గొంతు పల్చగా ఉంది. కానీ అది ఆవిడదే. గది మొత్తం బిగుసుకుపోయింది. నేను నిలబడ్డాను. ఎవరూ రాలేదు నా సాయానికి. ఆ మాట నా నోట్లో రెండు ముక్కలుగా వచ్చి, తర్వాత ఒక్కటై బయటపడింది. మిగతా కథ ఎలా చదివానో నాకు తెలియదు. పిల్ల నిప్పుతో ఇల్లు చేరింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎస్తేరు గారు ఒక్కొక్క మాట ఆచితూచి వేస్తూ ఆ పూట ముగించారు. చార్టు వైపు మళ్లీ తిరగలేదు.

బస్సు కదిలాక డయాన్ మా దగ్గరికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. పెద్దవయసు మనిషి చదవడం నేర్చుకుంటున్నట్టు కొత్తగా కలిపిన ఆ భాగం అద్భుతంగా ఉందనీ, దాన్ని రోజూ ఉంచమనీ, వసంతకాలం గురించి ఇక దిగులు పడొద్దనీ చెప్పి వెళ్లిపోయింది. డయాన్ అంతా నాటకమనే అనుకుంది.

ఎస్తేరు గారు బడి వెనక కట్టెల కొట్టంలోకి నడిచారు. నేను వెంట వెళ్లాను.

"విన్నావుగా. అయిపోయింది. ఇక మర్చిపో," అన్నారు.

"మీరు చార్టు వైపు చూశారు. నేను చూశాను."

"కళ్లజోడుకు ఆవిరి పట్టింది."

నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద నాకు కోపం రావడం అదొక్కసారే. "ఆ మాట నేను ఎన్నేళ్లు చెప్పుకుని బతికానో మీకు తెలుసు. ఊళ్లో అందరికీ చెప్పుకోండి. నాకు మాత్రం చెప్పకండి టీచరమ్మ గారూ."

ఆవిడ కట్టెల మీద కూలబడ్డారు. "మంచు మీద పిట్టలు నడిచిపోయినట్టుంది, రత్నం. అడుగులున్నాయి. ఏ పిట్టవో తెలియలేదు," అన్నారు. తర్వాత తల ఎత్తకుండా, "డయాన్‌కు నువ్వు చెప్పేస్తావా?" అని అడిగారు.

చెప్పనన్నాను. "అది మీ మాట."

అని బయటికొచ్చి, జరిగింది చెప్పి, ఆసుపత్రికి వెళ్లడానికి మౌనికను కారు బడి దాకా తెచ్చి ఇంజన్ ఆపకుండా ఉంచమన్నాను. "టీచర్ చెప్పకుంటే ఏం జేస్తవ్ ఆంటీ?" అంది అది ఏడుపు గొంతుతో. కారు డోరు తెరిచి పట్టుకుని మంచులో నిలబడ్డాను. గుమ్మం వైపు చూస్తూ అంత భయపడింది నా జన్మలో లేదు. పురుటినొప్పులప్పుడు కూడా లేదు. అప్పుడు ఎస్తేరు గారు వచ్చారు, కోటు లేకుండా. నన్ను దాటి, కారును దాటి, డయాన్ ఉన్న ఆఫీసు గదికే నేరుగా నడిచారు. కిటికీ అద్దంలోంచి ఎస్తేరు గారు నిలబడి మాట్లాడటం, డయాన్ కుర్చీలోంచి లేవడం కనిపించింది. అదే కారులో ఆసుపత్రికి తీసుకెళ్లాం. మెదడులో చిన్న స్ట్రోక్ అన్నారు. సమయానికి తెచ్చారన్నారు.

ఆవిడ మళ్లీ ఆ బడిలో నిలబడలేదు. చదువు మాత్రం వదల్లేదు. ఆదివారాలు నేను వాళ్లింటికి వెళ్లేదాన్ని. డాక్టర్లు ఇచ్చిన అభ్యాసాలు పక్కకు నెట్టి, తన తెలుగు బైబిలు తెరిచి, వేలు పెట్టి చదివేవారు. చిన్నప్పటినుంచి నోటికి వచ్చిన వాక్యం దగ్గర కూడా ఆగిపోయేవారు. నేను పెదవి కదిపేదాన్ని కాదు. అయినా ఒకరోజు పుస్తకం మూసేశారు.

"నువ్వు అందిస్తున్నావు."

"నేనేం మాట్లాడలేదండీ."

"నీ మొహం మాట్లాడుతోంది. నాకు వస్తుందా రాదా అని చూస్తోంది. నాకు ఆ మొహం చాలు, మాట పారిపోవడానికి. అటు తిరుగు."

కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. వెనక పేజీ మీద వేలు రాసుకునే చప్పుడు, ఊపిరి, మళ్లీ చప్పుడు. చాలాసేపటికి ఆ వాక్యం నా వీపుకు వినపడింది. ఎన్నో ఆదివారాలు మేమలాగే కూర్చున్నాం. కొన్నిసార్లు మాట వచ్చేది. కొన్నిసార్లు రాక, "ఇవాల్టికి చాల్లే, టీ పెట్టు," అనేవారు. కన్నుమూసే ముందు ఆవిడ ఆ బైబిలు నాకు ఇచ్చి వెళ్లారు.

ఇప్పుడు వారంలో కొన్ని రోజులు ఆ గదిలో గంట కొట్టేది నేనే. మౌనిక చదువైపోయి దూరంగా, బర్నబీ అనే ఊళ్లో ఉద్యోగంలో ఉంది. నాకు ఎస్తేరు గారంత ఇంగ్లీషు లేదు, ఆ కంటిచూపూ లేదు. పిల్లలు నా దగ్గర కాస్త అల్లరి చేస్తారు. కానీ ఒక పిల్ల ముందుకొచ్చి చదువుతూ ఒక మాట దగ్గర ఆగినప్పుడు నేను వెంటనే కిటికీ వైపు తిరుగుతాను. నా వెనక గది నిశ్శబ్దమైపోతుంది. ఈసారి రాదేమో, ఏడుస్తుందేమో, తిరిగి ఒక్కసారి చూస్తే పోయేదేముంది అనిపిస్తుంది. బయట నది మీద మంచు తప్ప ఏమీ ఉండదు చూడ్డానికి. దాన్నే చూస్తూ నిలబడతాను, ఆ పిల్లకు నా మొహం కనపడకుండా.